అరుగు మీద కబుర్లు: దిగబోయి లేచిన విమానము

వాన పట్టిన రోజున మా జవళగేరలో ఎవరికీ తొందర ఉండదు. నాట్లు పడిన చేను తన పని తాను చూసుకొంటుంది. సింధనూరు పోవలసినవారూ, రాయచూరు పోవలసినవారూ "వాన వెలిసినాక చూద్దాములే" అని ఏదో ఒక అరుగు ఎక్కి కూర్చుంటారు. తొందరపడి నల్లరేగడి దారిలో బండి దింపినవాని గతి ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లవానికి కూడా తెలుసు. తుంగభద్ర ఎడమ కాలువను నమ్ముకొని కోస్తా జిల్లాల నుండి మనవాళ్ళు వచ్చి క్యాంపులు కట్టుకొన్ననాడు ఈ నేల నేర్పిన మొదటి పాఠము అదే. దిగబడిన తరువాత ఎద్దులను కొట్టి లాభము లేదు.

అటువంటి వాన సాయంకాలము ఒకనాడు మా మేనల్లుడు ఊరి నుండి దిగాడు. కాళ్ళు కడుక్కొన్నాడు, కాఫీ పుచ్చుకొన్నాడు, కాని ముఖములో కళ లేదు.

"ఏమిరా, ప్రయాణము సుఖముగా జరిగిందా?" అని అడిగాము.

"ఏం సుఖం మామయ్యా! శంషాబాదులో విమానం దిగుతోంది. కిటికీలోంచి దీపాలన్నీ కనిపిస్తున్నాయి. ఇక చక్రాలు నేలకు తగులుతాయనగా పెద్ద మోత చేసి ఒక్కసారిగా పైకి లేచిపోయింది. అరగంట సేపు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకొని మబ్బుల్లో తిరిగాం. ఈలోగా నా బస్సు వెళ్ళిపోయింది. రాత్రంతా బస్టాండులో దోమలతో కాలక్షేపం చేశాను. దింపడం చేతగానివాణ్ణి పైలట్టుగా ఎందుకు పెట్టుకొంటారో!"

ఈ మాటనే అతడు అంతకు ముందే నలుగురూ చూచేటట్లు ఫోనులో వ్రాసి పెట్టాడట. "బాగా అడిగావు", "వాడిని పనిలో నుండి తీసివేయాలి" అంటూ చాలామంది బదులు కూడా వ్రాశారట. మా ఇల్లాలు "పాపం, పిల్లవాడు ఎంత హడలిపోయాడో" అన్నది. పక్కింటి పెద్దాయన "ఈ కాలం వాళ్ళకు పని రాదు" అని తేల్చేశారు. మేము మాత్రము ఏమీ అనలేకపోయాము. ఇంకొక వాన రాత్రి జ్ఞాపకము వచ్చింది.

అది 2020 ఆగస్టు 7, శుక్రవారము. కరోనా రోజులు. దేశాంతరాలలో చిక్కుకొన్న మనవారిని వందే భారత్ విమానాలలో ఇంటికి చేరుస్తున్నారు. మా పక్క క్యాంపులో ఒక అక్కగారి అబ్బాయి దుబాయిలో పని చేసేవాడు. పని పోయింది, చేతిలో డబ్బు అయిపోయింది. టిక్కెట్టు దొరికితే ఈ వారములోనే వస్తానని చెప్పాడు. ఏ రోజు, ఏ ఊరికి అన్నది ఆమెకు తెలియదు.

ఆ రాత్రి టెలివిజనులో వార్త వచ్చింది. దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానము కేరళలో కరిపూరు దగ్గరి కోళిక్కోడు విమానాశ్రయములో, జోరువానలో దిగుతూ రన్‌వే దాటిపోయి పడిపోయింది. వేళ రాత్రి 7 గంటల 41 నిమిషాలు. లోపల 184 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది.

అక్కగారికి వినిపించినది ఒక్క మాట: దుబాయి విమానము. అబ్బాయి ఫోను పలకలేదు. మేము పదిమందిమి ధైర్యము చెప్పడానికి వెళ్ళాము. వెళ్ళి ఏమి చేశామయ్యా అంటే, ఎవరి ఫోను వారు చూసుకొంటూ కూర్చున్నాము. ఒకరు నలభై మంది పోయారన్నారు. ఇంకొకరు నూరు దాటిందన్నారు. ఒక ఫోనులో విమానము భగభగ మండిపోతున్న చిత్రము వచ్చింది. "ఇదేనట" అని దానిని పదిమందికీ చూపించారు. ఆమె కూడా చూచింది. చూచి, గోడకు ఆనుకొని అలాగే కిందికి జారి కూర్చున్నది.

అబ్బాయి రాత్రి పదకొండున్నరకు మాట్లాడాడు. "అమ్మా, నేనింకా గదిలోనే ఉన్నాను. నా వంతు రాలేదు" అన్నాడు. అప్పటికి ఆమెకు ఏడవడానికి కూడా ఓపిక లేదు.

కరిపూరులో విమానము మూడు ముక్కలయింది గాని మంటలు అంటుకోలేదు. ఆ చిత్రము మరెక్కడిదో. ఆ తల్లికి ఆ మూడు గంటల నరకము ఇచ్చినది విమానము కాదు. అక్కడ కూర్చున్న మేము. చదువరుల దగ్గర దాపరికమెందుకు? ఆ చిత్రము వచ్చిన ఫోను మాదే.

తెల్లవారేటప్పటికి గాలి మరొక వైపు తిరిగింది. ఆ విమానము నడిపిన కెప్టెన్ దీపక్ సాఠే పూర్వము వైమానిక దళములో పని చేసినవారు. ఆయనా, సహ పైలట్ అఖిలేశ్ కుమారూ ఇద్దరూ ఆ ప్రమాదములో పోయారు. "ఇంధనమంతా అయిపోయేవరకు మూడుసార్లు చుట్టు తిరిగి, మంటలు రాకుండా కాపాడిన మహావీరుడు" అని ఒక సందేశము ఊరూరా తిరిగింది. మేము కన్నీళ్ళు పెట్టుకొని దానిని కూడా నలభై మందికి పంపాము. మధ్యాహ్నానికి అదే ఫోనుకు మరొక సందేశము వచ్చింది. ఆయన కండ్లు మూసుకొని దింపాడని, ఇంతమంది చావుకు ఆయనే కారణమని. ఒక్క రోజులో, అంత్యక్రియలైనా కాక ముందు, చనిపోయిన మనిషిని దేవుణ్ణి చేశాము, హంతకుణ్ణి చేశాము. రెండూ చేసినది మనమే. మనలో ఒక్కరమూ ఆ రన్‌వేను చూచినవారము కాము.

విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ నివేదిక ఏడాది దాటిన తరువాత, 2021 సెప్టెంబరులో వెలువడింది. ఫోనుల సందడి అప్పటికి ఎప్పుడో సద్దుమణిగింది. నివేదిక వచ్చిన రోజున మా పరిచయస్తులలో ఎవరూ దానిని ఎవరికీ పంపలేదు. కనుక అందులోని సంగతి నాలుగు మాటలలో ఇక్కడ చెపుతాము.

కోళిక్కోడు విమానాశ్రయము గుట్ట నెత్తిన చదును చేసి కట్టినది. అటువంటి దానిని టేబుల్‌టాప్ అంటారు; బల్ల వంటిదన్నమాట. బల్ల మీద నుండి చెంబు దొర్లితే ఏమవుతుందో విమానము దొర్లినా అంతే. ఆనాడు విమానము మొదట పడమటి గాలికి ఎదురుగా దిగబోయింది. కెప్టెన్ వైపు అద్దము తుడిచే వైపర్ కొద్దిసేపు తిరిగి ఆగిపోయింది. రన్‌వే కనబడలేదు. అప్పుడు పైకి లేచిపోయారు. ఆ పని సరిగానే చేశారు.

రెండవసారి రన్‌వే రెండో కొస నుండి వచ్చారు. ఇప్పుడు గాలి వెనుక నుండి తోస్తున్నది, గంటకు సుమారు 26 కిలోమీటర్ల వేగముతో. వైపర్ తిరిగింది గాని తిరగవలసినంత వడిగా తిరగలేదు. ఆ రన్‌వే పొడవు 8,858 అడుగులు. చక్రాలు నేలను తాకినది 4,438వ అడుగు దగ్గర. అంటే సగము రన్‌వే గాలిలోనే గడిచిపోయింది. తాకినప్పుడు వేగము గంటకు మూడు వందల కిలోమీటర్లకు పైన. నేల తడిసి ఉన్నది. మిగిలిన సగములో విమానము ఆగలేదు. రన్‌వే చివర ఉంచిన రక్షణ స్థలము కూడా దాటి సుమారు 110 అడుగుల దిగువకు పోయి పడింది. 19 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు, మొత్తము 21 మంది పోయారు.

మరి "మూడు చుట్లు తిరిగి ఇంధనము ఖాళీ చేసిన" కథ? ఒకసారి దిగబోయి లేచారు, రెండవసారి దిగారు. అంతే. ఇంకొక ఊరికి పోయి దిగడానికి చాలినంత ఇంధనము ఉన్నది. మరి పోలేదెందుకు? కెప్టెన్ మరునాటి ఉదయము కోళిక్కోడు నుండే ఇంకొక విమానము తీసుకొని పోవలసి ఉన్నది. ఆ రాత్రి వేరే ఊళ్ళో దిగితే ఆ పని తప్పిపోతుంది. అక్కడ కెప్టెన్లు చాలినంతమంది లేరు. అందుకు కంపెనీ ఏర్పాటులోని లోపము కారణమని నివేదిక చెప్పింది. ఎలాగైనా అక్కడే దిగాలనే ఆరాటము ఆయనను ముందుకు తోసిందని కూడా చెప్పింది.

ఈ మాట చదివినప్పుడు ఆయన మీద మాకు కోపమూ రాలేదు, పూజాభావమూ రాలేదు. జాలి వేసింది. రేపటి పని తప్పిపోతుందని ఈనాడు తెగించడము మనమెరుగని జబ్బా? కాలువ గట్టు నానిపోయి ఉందని తెలిసీ "వంతు నీరు పోతుంది" అని ట్రాక్టరు తోలినవారు మనలో ఎంతమంది లేరు! ఆ పనికి దుర్మార్గుడే కానక్కరలేదు. బాధ్యత గల మనిషి చాలు.

నివేదికలో ఇంకొక మాట ఉన్నది. అది మా మనసులో నుండి ఇంతవరకు పోలేదు. చక్రాలు తగలక ముందే సహ పైలట్ "గో అరౌండ్" అన్నాడు. అంటే, దిగవద్దు, మళ్ళీ లేపు అని. పెద్దాయన వినిపించుకోలేదు. చిన్నవాడు తానే చేయి వేసి లేపలేకపోయాడు.

మన కర్ణాటకలోనే, మంగళూరు బజ్పెలో, 2010 మే 22న ఇదే మాట గాలిలో కలిసిపోయింది. ఆనాడు అంత చెడ్డ వాతావరణము కూడా లేదు. అదీ దుబాయి నుండి వచ్చిన విమానమే, అదీ బల్ల వంటి రన్‌వేయే. అక్కడ కూడా సహ పైలట్ లేచిపొమ్మని చెప్పినా కెప్టెన్ దించాడు. 166 మందిలో 158 మంది పోయారు, ఎనిమిది మంది మిగిలారు. పదేళ్ళ ఎడముతో రెండుసార్లు చిన్నవాడు కనిపెట్టాడు, చెప్పాడు. రెండుసార్లూ పెద్దవాడి చేయి కదలలేదు.

ఇది విమానాల సంగతి మాత్రమేనా? "నాన్నా, గట్టు జారుతోంది, వెనక్కు తీద్దాం" అని కొడుకు అంటే, "నువ్వు పుట్టక ముందు నుంచీ తోలుతున్నానురా" అనే తండ్రి మన ఇళ్ళలో లేడా? "అత్తయ్యా, పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది, ఆస్పత్రికి పోదాం" అని కోడలు అంటే, "రేపు చూద్దాంలే" అనే అత్తగారు లేదా? చిన్నవారికి మన ముందు నోరు పెగలకపోవడము మర్యాద అనుకొంటాము. ఆ మర్యాద ఒక్కొక్కప్పుడు ప్రాణాల మీదికి వస్తుంది. పెద్దరికమంటే చిన్నవాని కేకకు చేయి వెనక్కు తీసుకోగలగడము కూడాను.

ఇక మా మేనల్లుని విమానము దగ్గరకు వస్తాము. దిగబోయి లేవడము చేతగానితనము కాదు. పైలట్లకు నేర్పే పనులలో అదొక ముఖ్యమైన పని. నేల నుండి కొంత ఎత్తుకు వచ్చేసరికి విమానము సరైన వేగములో, సరైన వాలులో, రన్‌వేకు సూటిగా ఉండాలి. ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంజన్లకు నిండు బలమిచ్చి పైకి లేవాలి. లోపల కూర్చున్నవారిని హడలగొట్టే ఆ మోత అదే. పైకి పోయి, చుట్టు తిరిగి, మళ్ళీ కుదురుగా వస్తారు; లేదా వేరే ఊరికి పోతారు. అలా లేచినందుకు పైలట్లను దండించరాదని మన దేశములో నియమమే ఉన్నది.

అయినా లేచేవారు తక్కువ. కుదురు తప్పిన దిగుదలలలో నూటికి సుమారు మూడింటిలో మాత్రమే పైలట్లు మళ్ళీ లేస్తారని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ అనే అంతర్జాతీయ సంస్థ అధ్యయనములో తేలింది. మిగిలిన తొంభై ఏడింటిలో ఎలాగో దింపేస్తారు. చాలావరకు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అలవాటవుతుంది.

ఎందుకు దింపుతారు? ఇంధనము ఖర్చు, ఆలస్యము, పైవారి సంజాయిషీ, రేపటి పని. ఈ లెక్కలో ఇంకొకటి కూడా కలపాలని మేమనుకొంటాము: వెనుక కూర్చున్న మన సణుగుడు. దడదడలాడినా దింపినవానికి చప్పట్లు కొడతాము. జాగ్రత్తగా పైకి లేపినవానిని చేతగానివాడని వ్రాస్తాము. ఆ వ్రాతలను పైలట్లు కూడా చదువుతారు గదా! వాళ్ళూ మనుషులే. ఇంటికి పోయేసరికి వారి పిల్లలు కూడా చదివి ఉంటారు.

ఇదంతా చెప్పి, "నీ బస్సు పోయింది సరే. దించి ఉంటే ఏమయ్యేదో ఆ పైలట్టుకు తెలుసు, మనకు తెలియదు" అన్నాము మేనల్లునితో. అతడు మాట్లాడలేదు. వాన చూస్తూ కూర్చున్నాడు.

ఆ కరిపూరు ప్రమాదానికి మాటలతో కాక మరొక విధముగా బదులు చెప్పినవారిని గురించి చెప్పకపోతే ఈ కబుర్లు పూర్తి కావు. ఆ చుట్టుపక్కల, మలప్పురం జిల్లా కొండోట్టి వైపు ఊళ్ళలో కరోనా కట్టడి ఉన్నది. ఇంటి గడప దాటరాదు. పెద్ద శబ్దము విని ఆ జనము ఆ వానలో పరుగెత్తుకొచ్చారు. విమానము అంటుకొంటుందేమో, లోపలివారికి కరోనా ఉన్నదేమో అని ఆగలేదు. ముక్కలయిన విమానములో నుండి పసిపిల్లలను ఎత్తుకొని వచ్చారు. అంబులెన్సుల కోసము కాచుకోక తమ కార్లలోనే గాయపడినవారిని ఆస్పత్రులకు చేర్చారు. ఆ రాత్రే కోళిక్కోడులో రక్తము ఇవ్వడానికి జనము వరుసలు కట్టారు. తరువాత వారిలో ఎంతోమంది రోజుల తరబడి విడిగా ఉండవలసి వచ్చింది. సహాయానికి పోయిన జిల్లా కలెక్టరుకూ మరికొందరు అధికారులకూ కరోనా సోకినట్లు తేలింది.

ఆ మేలు మరువక 2022లో, బతికి బయటపడినవారూ, పోయినవారి కుటుంబాలవారూ కలిసి తమకు వచ్చిన పరిహారములో కొంత వేసుకొని, 50 లక్షల రూపాయలతో అక్కడి ఆరోగ్య కేంద్రానికి ఒక భవనము కట్టించాలని నిశ్చయించుకొన్నారు. ఆ రాత్రి వాళ్ళు విమానము దగ్గరకు పరుగెత్తుతున్న వేళకు, మేము ఇక్కడ ఒక తల్లికి మండే విమానపు బొమ్మ చూపిస్తున్నాము. ఆ పోలిక తలుచుకొన్నప్పుడల్లా సిగ్గు వేస్తుంది.

అందుచేత మా ఇంట్లో మూడు నియమాలు పెట్టుకొన్నాము. నచ్చితే చదువరులు కూడా పెట్టుకోవచ్చును.

మొదటిది: ఎక్కడ ఏ ప్రమాదము జరిగినా ఆ రాత్రి ఏ సంఖ్యా, ఏ చిత్రమూ ఎవరికీ పంపరాదు. మనవారెవరైనా అందులో ఉన్నారేమో అని భయపడే ఇల్లు ఉంటే, ఫోను ఇంట్లో పెట్టి వట్టి చేతులతో పోవాలి. విచారించవలసినది విమాన సంస్థ ఇచ్చే నంబరులో ఒక్కరు విచారించాలి. తక్కినవారు పొయ్యి వెలిగించి అన్నము వండాలి.

రెండవది: పోయినవారిని మెచ్చుకోవడానికైనా, నిందించడానికైనా నివేదిక వచ్చేవరకు ఆగాలి. సంతాపానికి మాత్రము నివేదిక అక్కరలేదు.

మూడవది: విమానములో కూర్చున్నప్పుడు నడుము పట్టీ బిగించుకొని, దిగమన్నప్పుడు సంచులు వదిలి దిగాలి. 2005 ఆగస్టు 2న కెనడాలోని టొరంటోలో ఉరుములు మెరుపుల వానలో ఎయిర్ ఫ్రాన్స్ విమానము ఇలాగే రన్‌వే దాటి పోయి తగులబడింది. లోపలి 309 మందీ బతికారు. కాని వారిలో దాదాపు సగముమంది మంటలు కనబడుతున్నా సంచులు తీసుకొని దిగారట. ఒక్కొక్క సంచి వెనుక ఉన్నవానికి ఒక్కొక్క క్షణము ఆలస్యము. అందరూ బతికారు గనుక సరిపోయింది.

మాటకు కూడా ఆ "గో అరౌండ్" పనికి వస్తుందని మాకు ఇప్పుడు అనిపిస్తున్నది. నేల కనబడనప్పుడు మాటను దింపరాదు. నోటి దాకా వచ్చిందే, ఇప్పుడు ఎలా వెనక్కు తీసుకోవడము అనుకోరాదు. ఒక చుట్టు తిరిగి రావచ్చును. ఆలస్యమయితే పోయేదేమీ లేదు.

మరునాడు వాన వెలిసింది. మేనల్లుడు రాయచూరు బస్సు ఎక్కబోతూ ఫోను మా చేతిలో పెట్టాడు. తాను ముందు వ్రాసినది తీసివేసి, దాని చోట రెండే మాటలు వ్రాశాడు. నిన్న మా విమానం దిగబోయి మళ్ళీ లేచింది, నడిపినవారికి కృతజ్ఞతలు అని. దానికి బదులు వ్రాసినవారు ఇద్దరే. ఒకరు వాళ్ళమ్మ. రెండవవారు ఎవరో అతనికీ తెలియదట. "మేము విమానాలు నడిపేవాళ్ళం. సంతోషం" అని మాత్రము వ్రాశారు.

పక్క క్యాంపు అక్కగారి అబ్బాయి ఇప్పుడు ఊళ్ళోనే ఉండి వ్యవసాయము చేసుకొంటున్నాడు. మేము కనబడితే ఆమె ఈనాటికీ "తమ్ముడూ, కాఫీ తాగి వెళ్ళు" అంటుంది. ఆ రాత్రి సంగతి ఎప్పుడూ ఎత్తదు. కాఫీ తాగినంతసేపూ మేము ఫోను జేబులో నుండి తీయము.